జె5 ప్రతిరక్షకం – సీడీ10 ఎంజైమ్: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: బాల్యంలో వచ్చే ఒక రక్తక్యాన్సర్‌ను గుర్తించడానికి 1975లో కుందేలు సీరం రూపంలోను, 1980లో జె5 అనే మోనోక్లోనల్ రూపంలోను వెలువడిన ప్రతిరక్షకం నిజానికి ఒక ఎంజైమ్‌ను పట్టుకుంటున్నదని 1988లో తేలింది. అప్పటికే ఆ ఎంజైమ్ మూత్రపిండ, నాడీ రసాయన పరిశోధకులకు వేరే పేర్లతో పరిచితం. రెండు శాస్త్రశాఖలు ఒకే అణువును పదేళ్లకు పైగా విడివిడిగా పరిశోధించడానికి గల కారణాలను, ఆ ఎడబాటు రోగనిర్ణయంపైన, చికిత్సపైన చూపిన ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రతిరక్షకం, సీడీ10, నెప్రిలైసిన్, ఫ్లో సైటోమెట్రీ, లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, జె5.

ఉపోద్ఘాతం

1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక వ్యాసం ప్రచురించాడు. తీవ్రమైన ల్యుకేమియాతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగా గుణం కనిపించిందని అందులో తెలియజేశాడు. అంతవరకు ఆ వ్యాధి సోకిన పిల్లలకు వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన ఇటువంటి మందులను అందించినది లెడర్లీ సంస్థలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన బృందం. ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకు, ఆగస్టులో, సుబ్బారావు మరణించాడు.

తెలుగులో ఈ ఘట్టం గురించి చాలామంది రాశారు. దాని తరువాతి ప్రశ్న గురించి రాసినది తక్కువ. మందు కొందరు పిల్లలకు పనిచేసి మరికొందరికి పనిచేయకపోవడం ఎందుకు? సూక్ష్మదర్శిని కింద లింఫోబ్లాస్టులన్నీ ఒకేలా ఉంటాయి. పెద్ద కేంద్రకం, దాని చుట్టూ సన్నని జీవద్రవ్యపు అంచు, అంతే. కంటికి ఒకటిగా కనిపించే ఈ వ్యాధి లోపల ఎన్ని వ్యాధులో తెలుసుకోవాలంటే కణాల ఉపరితలంపై ఉన్న అణువులను చదవగలగాలి. ఆ చదువుకు పనికివచ్చిన తొలి అక్షరాల్లో ఒకటి ఈ వ్యాసవిషయమైన ప్రతిరక్షకం. దాని మోనోక్లోనల్ రూపం తయారైన చోటు ఫార్బర్ స్థాపించిన బోస్టన్ సంస్థే కావడం చరిత్రలో యాదృచ్ఛికమే అయినా, గమనించదగినది.

కుందేలు సీరం

1970ల తొలినాళ్లలో ల్యుకేమియా కణాలను రెండు జాతులుగా విడదీసే పద్ధతులు వచ్చాయి. గొర్రె ఎర్రరక్తకణాలను తన చుట్టూ పువ్వు రేకుల్లా అతికించుకునేది టి కణం. ఉపరితలంపై ఇమ్యునోగ్లోబ్యులిన్ కనిపించేది బి కణం. పిల్లల ల్యుకేమియాల్లో అధికభాగం ఈ రెండు పరీక్షలకూ లొంగలేదు. వాటిని 'శూన్య' కణాలు అన్నారు. పేరు లేనివాటికి పెట్టిన పేరు అది.

లండన్‌లో మెల్విన్ గ్రీవ్స్, అతని సహచరులు ఈ శూన్యాన్ని పరిశీలించదలచారు. వారి పద్ధతి పాతదే. మానవ ల్యుకేమియా కణాలను కుందేలులోకి ఎక్కిస్తే దాని దేహం ఆ కణాలపై ఉన్న పరాయి అణువులన్నిటికీ ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. ఆ సీరాన్ని ఆరోగ్యవంతుల కణాలతో కలిపి, వాటికి అంటుకునేవాటిని తీసివేయాలి. బియ్యంలో రాళ్లు ఏరినట్లు ఒక్కొక్క కణజాలంతో ఏరుకుంటూ పోగా చివరికి మిగిలినది ల్యుకేమియా కణాలను మాత్రమే పట్టుకుంటే, పరిశోధకుడు గెలిచినట్లు. 1975లో వెలువడిన వారి వ్యాసం ప్రకారం అటువంటి సీరం ఒకటి టి కాని, బి కాని ల్యుకేమియాల్లో చాలావాటిని గుర్తించింది. పిల్లల్లో తరచుగా కనిపించే రకం కనుక దానిని 'కామన్' అన్నారు. సీరం గుర్తించిన అణువు కామన్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా ప్రతిజనకం అయింది. పొట్టిగా కాలా.

ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఏరివేతకు వాడిన కణజాలంలో ఆ అణువు లేకపోయినా, ఉన్నా అత్యల్పంగా ఉన్నా, దానిని పట్టే ప్రతిరక్షకం సీరంలోనే మిగిలిపోతుంది. అప్పుడది క్యాన్సర్‌కే ప్రత్యేకమన్న భ్రమ కలుగుతుంది. ఆ సీరాన్నే మూత్రపిండ కణజాలంతో చాలినంతగా శోషిస్తే ఆ ప్రతిరక్షకం మాయమయ్యేది, ఆ పేరూ పుట్టేది కాదు. 'ప్రత్యేకం' అన్న మాట అణువు స్వభావం గురించి చెప్పినంతగా పరిశోధకుడు వేటితో పోల్చి చూశాడన్న దాని గురించి కూడా చెబుతుంది. గ్రీవ్స్ బృందం పట్ల ఇక్కడ న్యాయంగా ఉండాలి. ఆ అణువు సాధారణ ఎముక మూలుగలోని అరుదైన, అపరిపక్వ కణాలపైనా ఉంటుందని నిరూపించిన తొలివారిలో వారే ఉన్నారు. ల్యుకేమియా కణం కొత్త అణువును సృష్టించుకోవడం లేదని, ఎదుగుదలలో ఒకానొక మెట్టు దగ్గర ఆగిపోయి ఆ మెట్టు గుర్తులనే మోస్తున్నదని గ్రీవ్స్ చేసిన వాదం కాలపరీక్షకు నిలిచింది. అయినా వ్యాధి పేరు మోసే అణువును చూసినవారికి అది వ్యాధికే చెందినదన్న అభిప్రాయం కలగకుండా ఉండదు.

చిట్టెలుక, మైలోమా, లేజరు

అదే 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ మరొక దారి తెరిచారు. రోగనిరోధకత పొందిన చిట్టెలుక ప్లీహకణాన్ని, అంతులేకుండా విభజన చెందే మైలోమా కణంతో కలిపివేస్తే పుట్టే సంకరకణం ఒకే రకపు ప్రతిరక్షకాన్ని ఎంతకాలమైనా తయారుచేస్తూ ఉంటుంది. కుందేలు చనిపోతే సీరం అయిపోతుంది. సంకరకణాన్ని మాత్రం ద్రవ నైట్రోజన్‌లో దాచి, కావలసినప్పుడు మేల్కొలపవచ్చు. లండన్‌లోను, బోస్టన్‌లోను, హైదరాబాదులోను ఒకే ప్రతిరక్షకంతో పరీక్షించి ఫలితాలు పోల్చుకోవడం దీనివల్లనే సాధ్యమైంది. 1984 నోబెల్ పురస్కారాన్ని ఈ ఇద్దరు నీల్స్ యెర్నేతో పంచుకున్నారు.

ఈ పద్ధతితో బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో జెరోమ్ రిట్జ్, స్టూవర్ట్ ష్లాస్‌మన్, వారి సహచరులు తయారుచేసినదే జె5. 1980లో నేచర్ పత్రికలో దానిని ప్రకటించారు. సుమారు 100 కిలోడాల్టన్ల బరువున్న ఒక గ్లైకోప్రోటీన్‌ను అది పట్టుకుంటుంది.

ప్రతిరక్షకం ఒక్కటే చాలదు, దానిని చదివే యంత్రం కావాలి. లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్‌వైలర్ 1965లో కణాలను బిందువులుగా చీల్చి వేరుచేసే పరికరాన్ని వివరించాడు. స్టాన్‌ఫర్డ్‌లో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం 1969లో కణాల ప్రతిదీప్తిని కొలిచి, దాని ఆధారంగా వాటిని విడదీసే యంత్రాన్ని ప్రకటించింది. కణాలు ద్రవధారలో ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి లేజరు కిరణాన్ని దాటుతాయి. ఒక్కొక్క కణం ముందుకు చెదరగొట్టే కాంతి దాని పరిమాణాన్ని, పక్కకు చెదరగొట్టే కాంతి దాని లోపలి గరుకుతనాన్ని సూచిస్తాయి. ప్రతిరక్షకానికి కట్టిన రంజకం వెలిగే తీవ్రత, ఆ కణంపై ప్రతిజనకం ఎంత ఉన్నదో చెబుతుంది. తొలి రోజుల్లో జె5కు నేరుగా రంగు కట్టేవారు కాదు. ముందు జె5ను కణాలకు పట్టించి, తరువాత చిట్టెలుక ప్రతిరక్షకాలను పట్టుకునే మరొక ప్రతిరక్షకాన్ని, ఫ్లోరెసీన్ కట్టి, దానిపై కలిపేవారు. 1982లో ఫైకోఎరిత్రిన్ వంటి శైవల వర్ణకాలు వచ్చాక ఒకే కణంపై రెండు మూడు అణువులను ఒకేసారి చూడడం సాధ్యమైంది.

ప్రయోగశాలలు పెరిగేకొద్దీ పేర్లూ పెరిగాయి. ఒకే అణువును పట్టే ప్రతిరక్షకానికి ఒక్కొక్క చోట ఒక్కొక్క సంకేతం ఉండేది. 1982లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ కార్యగోష్ఠులు ఈ చిక్కును విడదీసి ఒక్కొక్క అణువుకు ఒక్కొక్క సీడీ సంఖ్య ఇచ్చాయి. కాలా అణువు సీడీ10 అయింది. సంఖ్యకు అర్థం ఉండదు, అదే దాని మేలు. వ్యాధి పేరు ఆ విధంగా కాగితం మీద తొలగింది కాని, వాడుకలో చాలాకాలం నిలిచే ఉంది.

రోగుల దేహంలో జె5

గుర్తించే ప్రతిరక్షకంతో చంపవచ్చునా? 1981లో రిట్జ్ బృందం వ్యాధి తిరగబెట్టిన నలుగురు రోగులకు జె5ను రక్తంలోకి ఎక్కించింది. రక్తంలో తిరుగుతున్న ల్యుకేమియా కణాల సంఖ్య వెంటనే తగ్గింది, కాని పూర్తిగా పోలేదు. ఎముక మూలుగలోని కణాలు చెక్కుచెదరలేదు. మిగిలిన కణాలను పరీక్షిస్తే వాటిపై సీడీ10 కనిపించలేదు. ప్రతిరక్షకం తాకగానే కణం ఆ అణువును ఉపరితలం నుంచి తొలగించుకుంటున్నది. ప్రయోగనాళికలో జె5ను తీసివేస్తే అణువు మళ్లీ పైకి వచ్చింది. దీనికి ప్రతిజనక పరివర్తనం అని పేరు.

ఈ వైఫల్యం విలువ ఆనాటి విజయాలకన్నా తక్కువేమీ కాదు. వెలుగు కనిపించకపోవడానికి కణం లేకపోవడం ఒక కారణం, అణువు దాక్కోవడం మరొక కారణం అని అది నేర్పింది. ఫ్లో సైటోమెట్రీ చేసేవారు కణాలను మంచుపై ఉంచి, సోడియం అజైడ్ కలిపి రంగు పట్టించడం వెనుక ఉన్న భయం ఇదే. వెచ్చదనంలో బతికి ఉన్న కణం తన ఉపరితలాన్ని మార్చుకుంటుంది. మరుసటి ఏడు అదే బృందం మరొక ఉపాయం పన్నింది. రోగి మూలుగను బయటికి తీసి, జె5తో, కాంప్లిమెంట్ ప్రోటీన్లతో శుభ్రం చేసి, తిరిగి ఎక్కించే పద్ధతిని లాన్సెట్‌లో వివరించింది. దేహం వెలుపల కణాన్ని చంపడానికి కాంప్లిమెంట్ ఉంది కనుక, అణువు దాక్కునే వ్యవధి అక్కడ తక్కువ.

ఒకే అణువు, రెండు ఇళ్లు

ఇక్కడ కథను కొంచెం వెనక్కి తీసుకువెళ్లాలి. గ్రీవ్స్ సీరానికి ఒక ఏడాది ముందు, 1974లో, ఇంగ్లండులోని లీడ్స్‌లో మైకేల్ కెర్, జాన్ కెన్నీ కుందేలు మూత్రపిండపు కుంచె అంచు నుంచి ఒక ఎంజైమ్‌ను శుద్ధిచేశారు. ఇన్సులిన్ బి గొలుసును ముక్కలు చేయడం దాని పని. జింకు లేనిదే అది పనిచేయదు. తటస్థ ఆమ్లతలో పెప్టైడ్ల నడుమ కత్తిరిస్తుంది కనుక తటస్థ ఎండోపెప్టిడేజ్ అన్నారు. 1975లో అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ మెదడులో ఎన్‌కెఫలిన్లను, అంటే నొప్పిని తగ్గించే చిన్న పెప్టైడ్లను, కనుగొన్నారు. అవి క్షణాల్లో విచ్ఛిన్నమవుతాయి. వాటిని విరిచేది ఏమిటని వెతుకుతూ పారిస్‌లో జాన్-షార్ల్ ష్వార్ట్జ్ బృందం 1978లో ఒక ఎంజైమ్‌ను వర్ణించి దానికి ఎన్‌కెఫలినేజ్ అని పేరు పెట్టింది. 1980లో బెర్నార్ రోక్ తదితరులు దానిని అడ్డుకునే థియోర్ఫాన్‌ను తయారుచేశారు. మూత్రపిండపు కత్తెర, మెదడు కత్తెర ఒకటేనని కొద్ది ఏళ్లలోనే తెలిసింది. ఆ కత్తెరే సీడీ10 అని మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఆధారాలు కళ్ల ముందే ఉన్నాయి. 1981లో ప్రతిరక్షక పరిశోధకులు రిచర్డ్ మెట్జ్‌గర్ తదితరులు మూత్రపిండ కణాలపై కాలా ఉన్నదని చూపారు. 1983లో మరొక బృందం న్యూట్రోఫిల్ వంటి కణికాకణాలపైన, ఫైబ్రోబ్లాస్టులపైన దానిని కనుగొంది. 1985లో డాలస్‌లో ఎర్విన్ ఎర్డోష్ బృందం మానవ న్యూట్రోఫిల్‌పై తటస్థ ఎండోపెప్టిడేజ్ ఉన్నదని, బ్యాక్టీరియా జాడ చెప్పే పెప్టైడ్‌ను అది కత్తిరిస్తుందని ప్రకటించింది. అదే మూత్రపిండం, అదే న్యూట్రోఫిల్. బరువు కూడా ఇంచుమించు అంతే. ఒక బృందం చేతిలో వెలుగు ఉంది, రెండో బృందం చేతిలో కోత ఉంది. ఎంజైమ్ పరిశోధకులు జీవరసాయన పత్రికలు చదివారు, ల్యుకేమియా పరిశోధకులు రక్తశాస్త్ర పత్రికలు చదివారు. ఇరువురి వ్యాసాల్లోను అణువు పేరు వేరు కనుక సూచికల్లో వెతికినా ఒకరికొకరు దొరకరు. ఇది ఎవరి అలసత్వమో అనడం సులువు, కాని సరికాదు. ప్రతిరక్షకం అణువు ఆకారాన్ని తాకుతుంది, అది చేసే పనిని అడగదు. పని గురించి అడగనంతకాలం కాలా పరిశోధకులకు ఎంజైమ్ రసాయనం వైపు తిరిగే అవసరమే రాలేదు. వ్యాధి పేరు పెట్టుకున్న అణువు పనేమిటని అడగాలని తోచడం కూడా కష్టమే.

1988

విడివిడి ఇళ్లను కలిపినది అమైనో ఆమ్లాల క్రమం. 1987లో కుందేలు, ఎలుక ఎంజైమ్‌ల పూర్తి క్రమాలు వెలువడ్డాయి. 1988లో బోస్టన్‌లో మార్గరెట్ షిప్ బృందం కాలా జన్యువును క్లోన్ చేసి, తోక కణం లోపల, దేహమంతా బయట ఉండే రెండో తరహా కణత్వచ ప్రోటీన్ అది అని నిర్ధారించింది. అదే ఏడు టొరంటోలో మిషెల్ లెటార్ట్ బృందం ల్యుకేమియా కణరేఖ నుంచి శుద్ధిచేసిన కాలా ముక్కల క్రమాన్ని చదివి, అది తటస్థ ఎండోపెప్టిడేజ్‌తో అభిన్నమని ప్రకటించింది. క్రమం కలిస్తే పని కలిసినట్లు కాదు కదా అన్న సందేహానికి 1989లో సమాధానం వచ్చింది. షిప్ బృందం సీడీ10 లేని కణాల్లోకి ఆ జన్యువును పంపగా, కణాలు జె5కు వెలిగాయి, పెప్టైడ్లనూ కత్తిరించాయి. వెలుగు, కోత మొదటిసారి ఒకే కణంలో, ఒకే ప్రయోగంలో కనిపించాయి.

ఆ తరువాత ప్రశ్నల స్వరూపమే మారింది. కణం ఉపరితలంపై ఈ కత్తెర ఎందుకు? 1991లో షిప్ బృందం ఒక జవాబు సూచించింది. చిన్నకణ ఊపిరితిత్తుల క్యాన్సర్ తన పెరుగుదలకు తానే బాంబెసిన్ వంటి పెప్టైడ్లను స్రవిస్తుంది. సీడీ10 వాటిని విరిచి పెరుగుదలను అదుపు చేస్తుంది. లింఫోసైట్ల విషయంలో జవాబు అంత తేటగా రాలేదు. 1995లో ఈ జన్యువు లేకుండా పుట్టించిన చిట్టెలుకలు ఎదుగుదలలో మామూలుగానే ఉన్నాయి. బ్యాక్టీరియా విషం వల్ల కలిగే షాక్‌కు మాత్రం అతిగా లోనయ్యాయి. లింఫోబ్లాస్టుపై పేరుపొందిన అణువు అసలు అవసరం కనిపించినది వాపు ప్రతిచర్యలో!

వెలుగు చెప్పేది, చెప్పనిది

ఎంజైమ్ అని తెలిసిన తరువాత కూడా రోగనిర్ణయశాలలో సీడీ10 గుర్తుగానే ఉండిపోయింది. అందులో తప్పులేదు, గుర్తుగా దాని పరిమితులు తెలిసి ఉంటే. ప్రతిరక్షకానికి వెలిగిన కణంపై అణువు ఉన్నదని మాత్రమే తెలుస్తుంది. ఆ క్షణాన అది కత్తిరిస్తున్నదో లేదో తెలియదు. థియోర్ఫాన్‌తో జింకును బంధించి కోతను ఆపివేసినంత మాత్రాన కణంపై అణువు లేకుండా పోదు.

మరొక చిక్కు ప్రతిరక్షకానిదే. జె5 చిట్టెలుక ఐజీజీ2ఎ తరగతికి చెందినది. మానవ మోనోసైట్ల మీద ఆ తరగతి ప్రతిరక్షకాల తోకను గట్టిగా పట్టుకునే గ్రాహకాలు ఉన్నాయి. కనుక సీడీ10 లేని మోనోసైట్ కూడా వెలగవచ్చు. ఆ గ్రాహకాలను ముందుగా నింపివేయడం, అదే తరగతికి చెంది ఏ అణువునూ పట్టని ప్రతిరక్షకంతో పోల్చి చూడడం ఈ కారణంగానే ఆచారమయ్యాయి. తరువాతి కాలంలో హెచ్‌ఐ10ఎ వంటి వేరే తరగతి క్లోన్లు ఫ్లో సైటోమెట్రీలో వ్యాప్తిలోకి వచ్చాయి. మైనంలో బిగించిన కణజాలపు కోతలకు 56సి6 వాడుకలోకి వచ్చింది.

అన్నిటికన్నా బరువైన చిక్కు పిల్లలది. కీమోథెరపీ ముగిశాక మూలుగ కోలుకుంటున్నప్పుడు అపరిపక్వ బి కణాలు పెద్దసంఖ్యలో పుట్టుకొస్తాయి. వాటికి హెమటోగోన్లు అని పేరు. అవి సీడీ10ను మోస్తాయి, ల్యుకేమియా కణాల్లాగే కనిపిస్తాయి. సీడీ10 ల్యుకేమియాకే ప్రత్యేకమని నమ్మే వైద్యుడు కోలుకుంటున్న బిడ్డలో వ్యాధి తిరగబెట్టిందని పొరబడి, విషప్రాయమైన మందులు మళ్లీ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఒక్క రంగుతో ఈ రెండింటినీ వేరుచేయడం కుదరదు. 2001లో రాబర్ట్ మెకెన్నా బృందం 662 మూలుగ నమూనాలను నాలుగు రంగులతో పరిశీలించి, హెమటోగోన్లలో సీడీ10, సీడీ20, సీడీ34 మొదలైనవి ఎదుగుదలతో పాటు క్రమంగా మారుతూ ఒక వంపు గీసినట్లు కనిపిస్తాయని, ల్యుకేమియా కణాలు ఆ వంపును తప్పి ఒకచోట గుమిగూడతాయని చూపింది. ఒక్క అణువు ఉండటం, లేకపోవడం కాక, అది ఎంత ఉన్నది, వేటితో కలిసి ఉన్నది అన్నవి నిర్ణాయకాలయ్యాయి.

లేకపోవడానికీ అర్థం ఉంది. ఏడాది లోపు శిశువుల్లో కేఎంటీ2ఎ జన్యువు తెగి అతుక్కోవడం వల్ల వచ్చే ల్యుకేమియాలో సాధారణంగా సీడీ10 ఉండదు. ఆ శిశువుల చికిత్సాఫలితాలు మిగిలిన పిల్లల కన్నా చాలా తక్కువ. 1948లో ఫార్బర్ ముందున్న ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాకపోయినా జవాబులో ఒక భాగం.

రెండు పేర్లతో మందులు

ఎంజైమ్ వైపు కథ తన దారిన సాగింది. థియోర్ఫాన్‌కు పూర్వరూపమైన రేసికాడోట్రిల్ విరేచనాలకు మందైంది. ప్రేగుల్లో ఎన్‌కెఫలిన్లు విరిగిపోకుండా ఆపి, నీటి స్రావాన్ని తగ్గించడం దాని తీరు. గుండె నుంచి వెలువడే నాట్రియురెటిక్ పెప్టైడ్లను కూడా ఈ ఎంజైమే విరుస్తుంది కనుక దానిని అడ్డుకుంటే గుండెవైఫల్యంలో మేలు జరగవచ్చని భావించారు. 8 వేల మందికి పైగా రోగులతో జరిగిన పారడైమ్ పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. సకుబిట్రిల్, వల్సార్టాన్ కలిసిన మందు పాత మందు ఎనలాప్రిల్ కన్నా మెరుగని అందులో తేలింది. మరుసటి ఏడు అమెరికాలో దానికి అనుమతి లభించింది. హృద్రోగ నిపుణులకు అది నెప్రిలైసిన్, రక్తశాస్త్రజ్ఞులకు సీడీ10. ఒకే ఆసుపత్రిలో రెండు అంతస్తుల్లో రెండు పేర్లు నడుస్తున్నాయి.

ల్యుకేమియాను ప్రతిరక్షకాలతో చంపాలన్న 1981 నాటి కోరిక తరువాతి తరంలో నెరవేరింది. అయితే బ్లినాటుమోమాబ్ గాని, 2017లో అమెరికాలో అనుమతి పొందిన సీఏఆర్-టి కణచికిత్స గాని గురిపెట్టినది సీడీ10ను కాదు, బి కణాల కుదురుకే పరిమితమైన సీడీ19ను. మూత్రపిండంలోను, చిన్నప్రేగులోను, న్యూట్రోఫిల్‌పైన ఉండే కత్తెరను గురిచేసుకోవడం ఎంత ప్రమాదకరమో 1988 తరువాత ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. సీడీ10 ప్రతిరక్షకం రోగి పడక దగ్గరి నుంచి పరీక్షశాల బల్ల మీదికి తిరిగివచ్చింది. కొత్తగా ల్యుకేమియా అనుమానించిన ప్రతి బిడ్డ మూలుగనూ పరీక్షించే రంగుల జాబితాలో సీడీ19, సీడీ34ల సరసన అది ఇప్పటికీ ఉంది.